పడవ పక్కన పడవ

మా రేవులో పనిచేసిన పెద్దాయన పోయారన్న కబురు నాకు ట్రైన్‌లో అందింది. పొద్దున్నే తూర్పు కొస నుంచి పడమటి కొసకి పోయే ట్రైన్. కూర్చోవడానికి సీటు దొరకడమే నాకు అరుదు, ఆ రోజు దొరికింది. వాళ్ళబ్బాయి ఇంగ్లీషులో ముక్తసరిగా మెసేజ్ పెట్టాడు. నాన్న రాత్రి నిద్రలోనే వెళ్ళిపోయారు, రేపు మధ్యాహ్నం దహనం, వీలైతే రండి. చదివి ఫోన్ ఒళ్ళో పెట్టుకున్నాను. నాకు వెంటనే ఏడుపు రాలేదు. నేను కూర్చున్న సీటు వంక చూసుకున్నాను.

ఇక్కడి ట్రైన్ సీట్లు మన రైలు బల్లల్లా చదునుగా ఉండవు. మనిషికొక గుంట చొప్పున పోత పోసి ఉంటాయి. ఆ గుంటలో ఒక్కరే పడతారు, పక్కవాళ్ళకి అంగుళం కూడా మిగలదు. ఆయనకి ఆ సీట్లంటే ఒళ్ళుమంట. "ఎవడమ్మా ఇది కనిపెట్టిందీ? మనిషిని కొలిచి పోసినట్టుంది. ఎదురుగా ముసలమ్మ నించుని ఊగిపోతున్నా జరగడానికి లేదు" అనేవారు. ఆ కోపంతో ఎప్పుడూ నిలబడే ప్రయాణం చేసేవారు. మోకాళ్ళు నొప్పులని నా దగ్గర మూలుగుతూనే, కడ్డీ పట్టుకుని, ఖాళీ సీట్ల వంక శత్రువుల్ని చూసినట్టు చూసేవారు.

మాది కరీంనగర్. మా ఆయన ఉద్యోగం చాంగీ బిజినెస్ పార్క్‌లో. నా ఉద్యోగం మాత్రం ద్వీపానికి అవతలి కొసన, జురాంగ్ ఫ్యాక్టరీలన్నీ దాటాక, జలసంధి ఒడ్డున ఉన్న ఒక పడవల రేవులో. ట్రైన్ చివరిదాకా పోయి మళ్ళీ బస్సెక్కాలి. ఇంటికి చేరేసరికి నాలో మాట్లాడే ఓపిక కూడా మిగలదు. ఎందుకు మానెయ్యవని అందరూ అడుగుతారు. ప్రతి సోమవారం నేనూ అదే అనుకుంటాను.

రేవంటే చేపల పడవలుండే రేవు కాదు. ఉన్నవాళ్ళు ఆదివారాలు షికారు తిరిగే తెల్లటి మోటారు పడవలు, పడవనే ఇల్లు చేసుకుని దేశాలు పట్టుకు తిరిగేవాళ్ళ తెరచాప పడవలు ఉంటాయి. నీళ్ళ మీద తేలే జెట్టీలు, వాటికి అటూ ఇటూ నంబర్లు వేసిన చోట్లు. ఒక్కో చోటుని బెర్త్ అంటారు, రైల్లో అన్నట్టే. చాలావరకు సభ్యులకి ఏడాది పొడుగునా ఇచ్చేసినవి. దారిన పోయే పడవల కోసం ఉంచిన విజిటర్ బెర్తులు కాసిని. వాటిల్లో దిగినవాళ్ళు కొద్దివారాలకి మించి ఉండకూడదు. నా పని ఆఫీసులో కూర్చుని, ఫోన్ చేసిన ప్రతివాళ్ళకీ ఖాళీ లేదని మర్యాదగా చెప్పడం.

ఆ పెద్దాయన పని జెట్టీల మీద. డాక్ మాస్టర్. ఏ పడవ ఎక్కడ కట్టాలో చూసి దగ్గరుండి కట్టించే మనిషి. ఎప్పుడో కుర్రతనంలో ఇక్కడి షిప్‌యార్డులో పనికొచ్చి, నీళ్ళని వదల్లేక ఈ రేవులో తేలారు. మాకు ఇద్దరికీ తెలుగొచ్చన్న సంగతి మొదటి రోజే తెలిసింది. అప్పటి నుంచీ నా తల ప్రాణం తోకకొచ్చింది.

ఎందుకంటే నేను ఖాళీ లేదని ఫోన్ పెట్టేసిన పడవ, సాయంత్రానికి మా జెట్టీకే కట్టి ఉండేది. నేను చెప్పులు టకటకలాడించుకుంటూ వెళ్ళి అడిగేదాన్ని.

"అంకుల్, ఇది ఎట్ల వచ్చింది? నేను లేదని చెప్పిన గద."

"ఆయ్. నువ్వు చెప్పింది కరెక్టేనమ్మా. బెర్త్ లేదు. చోటుందిగా మరి."

ఆయన చేసేదేమిటంటే, కట్టి ఉన్న పడవ పక్కన ఇంకో పడవ కట్టడం. రెండింటి మధ్యా ఒరుసుకోకుండా గాలి నింపిన రబ్బరు బుడగలు వేలాడదీసేవారు. రెండో పడవవాళ్ళు ఒడ్డుకి రావాలంటే మొదటి పడవ మీంచి నడిచి రావాలి. అందుకు మొదటి పడవ యజమాని ఒప్పుకోవాలి. ఈయన వెళ్ళి అడిగేవారు. అడిగే పద్ధతి ఒకటుంది. ముందు చెప్పులు విప్పి ఎడంచేత్తో పట్టుకునేవారు. పడవ మీద కాలు పెట్టకుండా, జెట్టీ మీదే నిలబడి, ఒళ్ళు కాస్త వంచి, "సార్, లిటిల్ అడ్జస్ట్ సార్. టూ డేస్ ఓన్లీ" అనేవారు. ఒకరు కాదంటే ఇంకొకరి దగ్గరికి, అక్కడా కాదంటే ఆ పై జెట్టీకి. ఎండలో ఆ చెప్పులు చేతిలో పట్టుకుని, కాలుతున్న చెక్కల మీద ఒట్టి కాళ్ళతో తిరుగుతూనే ఉండేవారు. ఎవరో ఒకరు ఆయన్ని వదిలించుకోవడానికైనా ఒప్పుకునేవారు. ఆ తర్వాత వచ్చే ఫిర్యాదులు మాత్రం ఆఫీసుకి, అంటే నాకు.

ఒకసారి విసిగిపోయి అడిగాను, ఇదేం పిచ్చి అని. అప్పుడు చెప్పారు వాళ్ళ గోదావరి కాలవల సంగతి. చిన్నప్పుడు ఆయన మేనమామ పడవ మీద ఇటుకలూ గడ్డీ వేసుకుని కాలవ వెంట తిరిగేవాడట. ఆ పడవ మీదే ఈయన సెలవులన్నీ గడిచేవట. లాకుల దగ్గర నీళ్ళు సమం చేసి తలుపులు తీసేదాకా పడవలన్నీ ఆగాలి. గట్టు పొడుగు ఎంతనీ? పడవ పక్కన పడవ, దాని పక్కన ఇంకోటి, కాలవకి అడ్డంగా కట్టేసేవాళ్ళట.

"చివరి పడవోడికి ఉప్పు కావాలన్నా అందరి పడవలూ దాటుకుని గట్టెక్కాలమ్మా. దానికో మర్యాదుంది. ముందు అడగాలి. చెప్పులు చేతిలో పట్టుకోవాలి. ముందు వైపు నుంచే దాటాలి. వెనక వైపు పొయ్యిలుంటాయి, ఆడోళ్ళుంటారు, అటు చూడకూడదు. అడిగినోడికి కాదన్నోణ్ణి నేను చూళ్ళేదు."

"అడగకపోతే?"

"అడక్కుండా కట్టేవోడు ఉండడమ్మా" అన్నారు, నేనేదో కూడని మాట అన్నట్టు.

నాకు నవ్వొచ్చింది. ఇది లాకుల కాలవ కాదు, గీత గీసి నంబరు వేయకుండా ఇక్కడ చెట్టు కూడా నాటరు అన్నాను. ఆయన విన్నట్టు లేదు. చొక్కా జేబులోంచి తాడు ముక్క తీసి ముడి వేస్తూ, విప్పుతూ ఉండిపోయారు. మాట నచ్చకపోతే ఆయన చేతులు అలాగే ముడులు వేస్తూ ఉండేవి.

మధ్యాహ్నం తిండి దుకాణాలన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్‌లో భోజనానికి ఆయనతో వెళ్ళడమంటే నాకు సిగ్గుతో చావొచ్చేది. ఇక్కడ టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ పెడితే ఆ చోటు వాళ్ళదే. దాన్ని చోప్ చెయ్యడం అంటారు. అందరూ పాటిస్తారు, ఎవరూ ముట్టుకోరు. ఈయన ప్లేటు పట్టుకుని వచ్చి ఆ ప్యాకెట్ల వంక చూసి, "కాగితాలు కూర్చున్నాయి, మనుషులు నించున్నారు" అని, ఒక ప్యాకెట్‌ని వేలితో పక్కకి జరిపి కూర్చునేవారు. ప్యాకెట్ తాలూకు మనుషులొచ్చి నోరు వెళ్ళబెడితే, బెంచీ మీద అటు జరిగి, "కమ్ కమ్, ప్లెంటీ ప్లేస్" అంటూ తన భోజనానికి పిలిచినట్టు పిలిచేవారు. నేను ప్లేటు పట్టుకుని రెండు టేబుళ్ళ అవతల, ఈ మనిషెవరో నాకు తెలియదన్నట్టు తినేదాన్ని.

బూన్ లే స్టేషన్ దగ్గర ఆయన వాళ్ళ ఫ్లాట్. అదీ అంతే. ఊళ్ళనుంచి కొత్తగా వచ్చిన కుర్రాళ్ళు, గది దొరకని చదువుకునే పిల్లలు, ఎవరి చుట్టమో కూడా తెలియని మనుషులు హాల్లో చాపల మీద ఉండేవాళ్ళు. మొదటిసారి వెళ్ళినప్పుడు వాళ్ళావిడ వంటింట్లో పెద్ద గిన్నెలో పులుసు తిప్పుతోంది. పొట్టి మనిషి, మాట కటువు. నన్ను చూసి, "నువ్వు కూడా ఉండడానికే వచ్చావా అమ్మా?" అంది. కాదన్నాను. "హమ్మయ్య" అంది.

ఆ రోజు వంటింట్లో ఆవిడ అన్న మాట నాకు గుర్తుండిపోయింది. "బయట అందర్నీ ప్లీజ్ సార్, ప్లీజ్ మేడమ్ అని బతిమాలుకుంటారంట కదా. నాకు మాత్రం ఫోన్. ఇంకో ముగ్గురికి బియ్యం పొయ్యి అని. ఇన్నేళ్ళలో నన్నొక్కసారి అడిగారా, ఏమే ఎవర్నైనా తీసుకురానా అని?" హాల్లోంచి ఆయన నవ్వు వినిపించింది. ఆవిడ నవ్వలేదు. గిన్నె మీద మూత కాస్త గట్టిగానే వేసింది.

ఇదంతా బాగానే నడిచింది, ఆ డచ్ పడవ వచ్చేదాకా.

హాలెండ్ నుంచి వచ్చిన ముసలి మొగుడూ పెళ్ళాలు. వాళ్ళ దేశంలో ఊళ్ళ మధ్య కాలవల్లో తిరగడానికి కట్టిన ఇనప పడవ, అడుగు చదును, పొట్ట వెడల్పు. దానికి తెరచాప ఎత్తి, ఒక్కో దేశం ఒడ్డున నెలలకొద్దీ ఆగుతూ, ఏళ్ళ తరబడి ప్రయాణం చేసి ఇంతదూరం తెచ్చారు. తెల్లటి సొగసు పడవల మధ్య అది గేదెలా ఉండేది. ఆయన పరుగెత్తుకుంటూ ఆఫీసుకొచ్చారు. "అమ్మాయ్, కాలవ పడవొచ్చింది!" అంత సంతోషంగా ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు. ఆ పడవ మీద కిటికీలకి కుట్టు పని చేసిన తెరలుండేవి, కుండీలో ఏదో ఆకుకూర ఉండేది. ఆయన రోజూ ఏదో ఒక వంకతో అటు వెళ్ళి వచ్చేవారు.

వాళ్ళకిచ్చిన విజిటర్ బెర్త్ గడువు దగ్గరపడుతుండగా ఆ ముసలాయనకి గుండెపోటు వచ్చింది. బస్సులో వెళ్ళగలిగినంత దూరంలోనే ఆసుపత్రి. ఆపరేషన్ అన్నారు. ఆవిడ రోజూ పొద్దున్నే చిన్న సంచీతో బస్సెక్కి, చీకటిపడ్డాక తిరిగొచ్చేది. ఇంకో ఇల్లంటూ ఆవిడకి లేదు. ఆ పడవే ఇల్లు.

సరిగ్గా అప్పుడే పడవ పందేల వారం. మలేషియా వైపు నుంచి తెరచాప పడవలు గుంపుగా వస్తున్నాయి. విజిటర్ బెర్తులన్నీ వాటికి ఎప్పుడో మాట ఇచ్చేశాం. మిగతా రేవులకి నేనే ఫోన్ చేశాను. అందరూ నాలాగే మర్యాదగా ఖాళీ లేదన్నారు. జలసంధి అవతల జోహోర్‌లో చోటుంది, కానీ అది ఇంకో దేశం. రోజూ సరిహద్దు దాటి, లైన్లలో నిలబడి, ఆసుపత్రికి రావాలి. బయట సముద్రంలో లంగరు వేసుకోవచ్చు. అక్కడి నుంచి ఒడ్డుకి రావాలంటే చిన్న పడవ వేసుకుని ఒంటరిగా తెడ్డు వెయ్యాలి. డెబ్భై దాటిన ఆడమనిషి. ఆ మాట నేనే ఆవిడకి చెప్పాల్సి వచ్చింది. ఆవిడ ఏడవలేదు, గొడవపడలేదు. "నేను దూరంగా ఉన్నప్పుడు ఆయనకి ఏమైనా అయితే?" అని మాత్రం అడిగింది.

ఆయన చెప్పులు చేతిలో పట్టుకుని బయల్దేరారు. ఈసారి ఎవరూ ఒప్పుకోలేదు. ఇనప పడవ, బరువు, మా పడవకి గీతలు పడతాయన్నారు. ఇక మిగిలింది జెట్టీ చివర ఉన్న పెద్ద తెల్ల పడవ ఒక్కటే. ఇక్కడి చైనీస్ వ్యాపారిది. ఆయన ఆదివారాలు తప్ప రాడు, వచ్చినా ఎవరినీ పలకరించడు. ఎవరో తన పడవ మీద చెయ్యి ఆనించారని ఒకసారి మేనేజర్ని పిలిపించి మరీ అరిచాడు.

"గా సార్‌ని అడిగిన్రా అంకుల్?" అని ఫోన్‌లో అడిగాను.

"ఆయ్, మాటాడతాన్లే" అన్నారు.

మర్నాడు పొద్దున్న నేను వచ్చేసరికి ఆ తెల్ల పడవ పక్కన గేదె పడవ కట్టి ఉంది. రబ్బరు బుడగలు మామూలు కంటే రెట్టింపు వేలాడుతున్నాయి. ఆవిడ బూట్లు చేతిలో పట్టుకుని, తెల్ల పడవ ముందు భాగం మీంచి మెల్లగా దాటి జెట్టీ మీదకి దిగుతోంది. ఆయన చెయ్యి అందిస్తున్నారు. ఒప్పుకున్నాడన్నమాట అనుకుని నేను ఊపిరి పీల్చుకున్నాను.

ఒప్పుకోలేదు. ఈయన అసలు అడగలేదు. ఆ సంగతి ఆ వారం మధ్యలో, వ్యాపారి ఎవరో కొనుగోలుదారులను వెంటబెట్టుకుని చెప్పాపెట్టకుండా వచ్చిన రోజున తెలిసింది. నేను పరుగున వెళ్ళేసరికి వ్యాపారి జెట్టీ మీద నిలబడి ఎర్రబడ్డ ముఖంతో అరుస్తున్నాడు. పడవ మీద, సరిగ్గా మధ్యలో, ఆవిడ ఒక చేతిలో బూట్లు, ఇంకో చేతిలో ఆసుపత్రి సంచీతో నిలబడిపోయి ఉంది. ముందుకి రావాలో వెనక్కి పోవాలో తెలియడం లేదు.

"మై బోట్ నాట్ ఎ రోడ్, లా!" అంటున్నాడాయన ఇక్కడి యాస ఇంగ్లీషులో. "హూ సే కెన్? హూ సే?"

మా డాక్ మాస్టర్ తలవంచుకుని, "ఐ సే, సార్" అన్నారు.

నాకు అప్పుడు ఆయన మీద ఒళ్ళు మండిపోయింది. తర్వాత పక్కకి లాగి అడిగాను. "ఎవర్ని అడిగి కట్టిన్రు? గాయన వస్తే నేనేం జెప్పాలె? అడగాలె అని మీరే గద అంటరు!"

ఆయన జేబులోంచి తాడు ముక్క తీశారు. ముడి పడటం లేదు. "అడిగితే కాదంటాడమ్మా. కాదన్నాక కట్టలేను గదా. ఆవిడెక్కడికి పోద్ది?" అన్నారు.

సాయంత్రంలోగా ఆ పడవ తీసెయ్యాలని మేనేజర్ చెప్పాడు. సాయంత్రానికి అది అక్కడ లేదు. ఎక్కడికీ పోనూ లేదు. మా పని పడవలు కట్టుకునే మూల ఒకటుంది. నీళ్ళు లోతు తక్కువ, కరెంటు లేదు, బయటివాళ్ళని ఉంచకూడదని గట్టి నిబంధన. ఆయన ఆ పని పడవల్ని ఒడ్డు మీదకి లాగించి, వాటి చోట డచ్ పడవని కట్టేశారు. అడుగు చదునైన పడవ కాబట్టి పోటు తగ్గి నీళ్ళు తీసినప్పుడు బురద మీద అలా కూర్చునేది. మర్నాడు మేనేజర్ వచ్చి చూశాడు. అతనూ అలిసిపోయిన మనిషే. చివరికి ఆ పడవ అక్కడే ఉండనివ్వమన్నాడు. ఆయన్ని మాత్రం జెట్టీల మీద నుంచి తీసి కార్ పార్క్‌లో వేశాడు.

ఆ తర్వాత కొద్దిరోజులకే డచ్ ముసలాయన ఆసుపత్రిలో పోయాడు. ఆవిడ ఆఫీసుకి వచ్చి నాకు చెప్పింది. వాన పడుతోంది, గొడుగు మడవడం కూడా మర్చిపోయింది. "నేను ఆయన పక్కనే ఉన్నాను. చెయ్యి పట్టుకున్నాను" అంది. నేను బల్ల దాటి వెళ్ళి ఆవిడ పక్కన నిలబడ్డాను.

ఆ ఆదివారం ఆయన నన్ను తోడు రమ్మన్నారు. వ్యాపారి పడవ దగ్గరికి. కార్ పార్క్ యూనిఫాంలో, చెప్పులు చేతిలో పట్టుకుని, జెట్టీ మీద నిలబడ్డారు. సారీ చెప్పారు. అడక్కుండా కట్టడం తప్పని చెప్పారు. వ్యాపారి తన కుర్చీలోంచి లేవలేదు. టీ కప్పు చేతిలోనే ఉంది.

"ఆ ముసలాయన పోయాడటగా?" అన్నాడు ఇంగ్లీషులో.

"అవును సార్."

"నాకెవరూ చెప్పలేదు. నువ్వూ చెప్పలేదు." కాసేపు నీళ్ళ వైపు చూశాడు. "నేను కాదంటానని నువ్వే అనుకున్నావు. అడిగి ఉంటే నేను ఏమనేవాడినో, ఇప్పుడు నాకూ తెలీదు. ఇక ఎప్పటికీ తెలీదు." అది కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది. కప్పు కింద పెట్టి లోపలికి వెళ్ళిపోయాడు.

తిరిగి నడుస్తూ ఆయన ఒక్క మాటే అన్నారు. "నిజమేనమ్మా. ఆయన దగ్గర నుంచి ఆ జవాబు నేనే లాగేసుకున్నాను." చెప్పులు తొడుక్కోవడం మర్చిపోయి కార్ పార్క్ దాకా అలాగే ఒట్టి కాళ్ళతో వెళ్ళారు. ఆవిడకి చోటు దొరికినందుకు ఆయన ఎప్పుడూ గొప్పలు చెప్పుకోలేదు. ఉద్యోగం తగ్గినందుకు బాధపడలేదు. ఆ వ్యాపారిని అడగనందుకు మాత్రం ఆయన్ని ఏదో తినేసింది. నాకది మొదట్లో అర్థం కాలేదు. మంచి పని చేసి ఇంత కుమిలిపోవడమేమిటని కసురుకున్నాను కూడా.

కార్ పార్క్‌లో కూడా ఆయన ఊరుకుంటారనుకుంటే పొరపాటు. గీతల మధ్య కార్లని అటూ ఇటూ జరిపించి ఇంకోదానికి చోటు చెయ్యబోయి తిట్లు తిన్నారు. కానీ ఒక మార్పు వచ్చింది. ఎవరినైనా సరే అడిగేవారు. కాదంటారని ముందే తెలిసిన మనిషిని కూడా, కార్ అద్దం దగ్గర వంగి అడిగేవారు. కాదంటే, "థాంక్యూ సార్" అని వెనక్కి వచ్చేవారు. పనికిరాని అడగడం ఎందుకు అంకుల్ అంటే, "వాళ్ళ జవాబు వాళ్ళని చెప్పనియ్యమ్మా" అనేవారు. ఆయన రిటైరయ్యాక బూన్ లే వెళ్ళి చూడాలని ప్రతివారం అనుకున్నాను. ట్రైన్‌లో బూన్ లే దాటుకునే నేను రోజూ ఆఫీసుకి పోతాను. దిగలేదు. ఇంటికి తొందర, ఒళ్ళు అలసట, రేపు చూద్దాంలే.

కబురు అందిన మర్నాడు మధ్యాహ్నం దహనవాటికకి వెళ్ళాను. అక్కడా హాలు నంబరు, టైమూ ముందే ఇచ్చేస్తారు. ఒకరి తర్వాత ఒకరు. బయట పొడుగాటి చెక్క బెంచీ మీద వాళ్ళావిడ, కొడుకు, నేను. మా ముందు టైము ఒక తమిళ కుటుంబానిది. వాళ్ళ టైము నడుస్తోంది కానీ వాళ్ళు మొదలుపెట్టలేదు. అందరూ గేటు వైపే చూస్తున్నారు. కాసేపటికి వాళ్ళలో ఒక నడివయసు మనిషి మా దగ్గరికి వచ్చాడు. వాళ్ళమ్మ పోయింది. చెల్లెలి విమానం ఇప్పుడే దిగింది, టాక్సీలో వస్తోంది. వచ్చేదాకా ఆగితే మీ టైములోకి వచ్చేస్తాం, ఇక్కడివాళ్ళు మీరు ఒప్పుకుంటేనే అన్నారు అని ఇంగ్లీషులో చెప్పాడు.

కొడుకు ఇక్కడ పుట్టి పెరిగినవాడు. చెడ్డవాడు కాదు. రాత్రంతా నిద్రలేక కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి. "సారీ బ్రదర్, అవర్ స్లాట్ ఆల్సో ఫిక్స్‌డ్. కెనాట్ లా" అన్నాడు. ఆ మనిషి తలూపి వెనక్కి తిరిగాడు.

"ఏమంటున్నాడమ్మా?" అని ఆవిడ నన్ను అడిగింది. చెప్పాను.

ఆవిడ పమిట కొంగుతో ముఖం తుడుచుకుంది. తర్వాత ఆ వెళుతున్న మనిషిని చప్పట్లు కొట్టి పిలిచింది. వాళ్ళలో నిలబడి ఉన్న ముసలావిడని చూపించి, ఇక్కడికి తీసుకొచ్చి కూర్చోబెట్టమని చేత్తో సైగ చేసింది.

"అమ్మా, దిస్ ఈజ్ నాన్నాస్ టైమ్" అన్నాడు కొడుకు.

"తెలుసురా. మీ నాన్నకి ఇప్పుడు తొందరేం లేదు" అంది. గొంతు ఎప్పటిలాగే కటువుగా ఉంది. కళ్ళ వెంట నీళ్ళు మాత్రం కారిపోతున్నాయి. "ఇంటినిండా జనాన్ని తెచ్చి పెట్టారు మీ నాన్న. ఒక్కనాడు నన్నడిగి తేలేదు. అడుగుంటే నేనేవన్నా కాదందునా? ఈ బాబు నన్నడిగాడు. జరుగు."

కొడుకు జరిగాడు. ఆవిడ జరిగింది. నేనూ జరిగాను.